తీగ పెట్టి ఇంటికొచ్చి పడుకునే వేట

ప్రశ్న: మాది నిర్మల్ జిల్లాలో అడవి అంచున ఉన్న పల్లె. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను, ఊళ్ళో నాన్న నాలుగెకరాల్లో మక్క వేస్తాడు. పోయిన యాసంగిలో కంకి పాలు పోసుకునే వేళ అడవిపందులు పడి మూడు రాత్రుల్లో ఎకరంన్నర నేలమట్టం చేశాయి. ఈసారి పక్క ఊరివాళ్ళు కొందరు వచ్చి, ఖర్చంతా తామే పెట్టుకుని చేను చుట్టూ తీగ లాగుతామని, మన మోటారు నుంచి కరెంటు ఇస్తే చాలని, పడిన పందిలో వాటా కూడా ఇస్తామని అన్నారు. నాన్న ఒప్పుకున్నాడు. నేను వద్దన్నందుకు, "వారం వారం కోడిని తినేటోడివి, నాకు నీతులు చెప్తవా? మీ తాత ఈ ఊళ్ళె పేరున్న వేటగాడు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వేట తప్పేనా? తప్పైతే మా తాత చేసిందీ తప్పేనా? తప్పు కాకపోతే ఆ తీగను తలుచుకుంటే నాకు మనసెందుకు ఒప్పడం లేదు? (పేరు రాయవద్దని కోరారు.)

సమాధానం: మీ ఉత్తరంలో వేట మంచిదా చెడ్డదా అన్న పెద్ద ప్రశ్న ఒకటి ఉంది, దానికంటే ముందు రేపో ఎల్లుండో మీ చేను చుట్టూ పడబోతున్న తీగ ఉంది. పెద్ద ప్రశ్నను నిదానంగా ఆలోచించుకోవచ్చు, తీగ విషయంలో ఆ వ్యవధి లేదు. అందువల్ల ముందు దాని సంగతి చెప్పి, ఆ తర్వాత మీ నాన్నగారి మాటకు వస్తాను.

ఆ తీగ ఎలా పడుతుందో మీకు తెలియనిది కాదు. గట్ల పొడవునా కర్రలు పాతి, నేలకు మూరెడు ఎత్తున సన్నని జీఐ ఇనుప తీగ లాగి, దాని కొసను స్టార్టర్ డబ్బాలోనో స్తంభం మీది లైనుకో తగిలిస్తారు. పొద్దుగూకాక తగిలించి, కోడి కూసే వేళకు తీసేయాలన్నది మాట. తీయడం మరిచిపోయిన రోజు సంగతి అటుంచండి, మరిచిపోని రాత్రుల్లోనైనా వచ్చింది పందో, పక్క చేనుకు నీళ్ళు మళ్ళించడానికి బయల్దేరిన మనిషో ఆ తీగకు తెలియదు. ఇళ్ళలో వాడే 230 వోల్టుల కరెంటే అయినా ఆగకుండా పారుతూ ఉంటుంది కాబట్టి, తగిలిన ప్రాణి కండరాలు బిగదీసుకుపోతాయి, విడిపించుకుందామన్నా కుదరదు. పందుల కోసం పెట్టిన తీగ తగిలి రైతో కూలీయో చనిపోయాడన్న వార్త మన జిల్లా పేజీల్లో ఏటా కనబడుతూనే ఉంటుంది. కొన్నిసార్లు చనిపోయింది ఆ తీగ పెట్టినవాడే, కొన్నిసార్లు వాడి అన్నదమ్ముడో పాలివాడో.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెబుతాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో వేట అంటే తుపాకి పేల్చడం ఒక్కటే కాదు, ఉచ్చు వేయడం, వల పన్నడం, తరమడం, చివరికి ఈ పనులు చేయబోవడం కూడా వేటే. 2022లో సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన పట్టికల్లో అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. అనుమతి లేకుండా దాన్ని చంపితే మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. అదే తీగకు పులి పడితే మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా శిక్ష. 2012లో ఏర్పడిన కవ్వాల్ పులుల అభయారణ్యం మీ జిల్లాలోకి కూడా విస్తరించి ఉంది, మహారాష్ట్ర అడవుల నుంచి పులులు ఇటు వచ్చిపోతుంటాయి కాబట్టి అది జరగని పనేమీ కాదు. స్తంభానికి కొక్కెం వేయడం 2003 నాటి విద్యుత్ చట్టం కింద దొంగతనం, సేద్యానికిచ్చిన కనెక్షన్ నుంచి తీసినా దాన్ని వేరే పనికి వాడుకున్నట్టే. మనిషి ప్రాణం పోతే పెట్టే కేసు వీటన్నిటికీ వేరు. ఏం జరిగినా పోలీసులు వచ్చి మొట్టమొదట అడిగేది చేను ఎవరిది, మోటారు ఎవరిది అని. వాటా తీసుకుని పోయిన పక్క ఊరివాళ్ళ పేరు అప్పుడు ఏ కాగితంలోనూ ఉండదు.

ఇంతవరకు చెప్పినది భయం. భయం చెబితే మీ నాన్నగారు బహుశా ఆగుతారు గానీ ఆయన అడిగినదానికి అది సమాధానం కాదు. కోడిని తినేవాడివి నువ్వు నాకు చెబుతావా అన్న మాటను కొడుకు నోరు మూయించడానికి అన్న ఎత్తిపొడుపుగా కొట్టిపారేయకండి, అందులో న్యాయం ఉంది.

మీరు ఆదివారం తెచ్చుకునే బ్రాయిలర్ కోడి బతికేది సుమారు ఆరు వారాలు. కాళ్ళు మోయలేనంత వేగంగా బరువు పెరిగేలా తీర్చిన జాతి అది. షెడ్డులో పుట్టగానే చేరి, షెడ్డులోనే పెరిగి, బయటి నేల మీద ఒక్క పూటైనా గీరకుండానే దుకాణానికి వస్తుంది. స్కూటరుకు రెండు పక్కలా కాళ్ళు కట్టి గుత్తులుగా తలకిందులుగా వేలాడదీసుకుని పోతుంటే మనం చూస్తూనే ఉంటాం, ఎండాకాలంలో ఆ గుత్తుల్లో కొన్ని నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. 1960 నుంచీ జంతు హింసా నివారణ చట్టం మన దేశంలో ఉంది, ఆ స్కూటరూ దాని కళ్ళ ముందే పోతుంది. అడవిపందికి ఈ బతుకు లేదు. అది తల్లి వెంట తిరిగి, తుంగ తవ్వుకుని, బురదలో పొర్లి, తన ఇష్టప్రకారం కొన్నేళ్ళు బతికి చస్తుంది. జీవించినంతకాలం పడిన బాధనే లెక్కగడితే, దుకాణం కోడిని తిని అడవిపందిని వేటాడినవాణ్ణి నిందించడానికి మనకు పెద్ద ఆధారం లేదు. అందువల్ల వేట మీ ఆదివారపు కూర కంటే పెద్ద పాపమని నేను మీకు రాసి ఇవ్వలేను. శాకాహారులు కొందరు రెండూ ఒకటేనని, రెండూ మానెయ్యాలని అంటారు. ఆ వాదనలో లోపమేమీ లేదు, అయితే మీరు నన్ను అడిగింది అది కాదు.

కానీ మీ నాన్నగారి మాట అక్కడితో ఆగిపోతుంది. కోడి విషయంలో మీరు బాకీ పడ్డారని అది రుజువు చేస్తుంది, ఆయన తీగకు సెలవు ఇవ్వదు. ఆ బాకీ మీరెలా తీర్చుకుంటారో, తినడం తగ్గించుకుంటారో, ఊళ్ళో పెంచిన కోడినే తింటారో మీ ఇష్టం. ఏదో ఒకటి నిజంగా చేసి చూపితే, ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మీ మాటకు కొంత బరువు వస్తుంది.

ఇప్పుడు మీ తాతగారి సంగతి. ఆయన వేటను ఈనాటి చట్టం చేతపట్టుకుని తీర్పు చెప్పడం అన్యాయం. 1972కు ముందు లైసెన్సు ఉన్నవాడు తుపాకితో వేటాడటం తప్పు కాదు, గొప్పతనం కూడా. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పులుల వేటకు పేరుపడ్డవాడు. ఆ వేటలకు జనాన్ని కూలికి పెట్టి డప్పులతో అడవిని తోలించేవారు. నా ఉద్దేశంలో మీ ఊరి వేటగాడికీ ఆ దొరల వేటకూ పోలికే లేదు, మన అడవుల్లో పులులు తరిగిపోయింది మీ తాతగారి లాంటివాళ్ళ వల్ల కూడా కాదు. ఆయన వేట తప్పో ఒప్పో తేల్చాలంటే ఎలా వేటాడేవారో తెలియాలి, అది మీ నాన్నగారికే తెలుసు. అడగండి. వల పట్టి, కుక్కలతో తరిమి, బల్లెంతో పొడిచేవాళ్ళకు పంది ఎదురుతిరిగితే తొడ చీలిపోయేది. పిల్లలతో ఉన్న ఆడపందిని వదిలేసేవారా, ఏ నెలల్లో అడవికి పోయేవారు కాదు, గాయపడి తప్పించుకుపోయినదాన్ని వెతికి చంపేదాకా ఇంటికి రాకూడదన్న పట్టింపు ఉండేదా? ఇలాంటివి పెద్దవాళ్ళు చెబుతూ ఉంటారు. అన్ని ఊళ్ళలోనూ పాటించి ఉంటారని నేను అనను, కానీ పాటించినచోట వేటకు ఒక హద్దు ఉండేది.

ఆ హద్దు మన పాత కథల్లోనూ ఉంది. పాండురాజు జింకల జంటను బాణంతో కొట్టినప్పుడు, ఆ జింక రూపంలో ఉన్న ముని చనిపోతూ శపించాడు. రాజులకు వేట ధర్మమే కదా అని పాండురాజు తన పనిని సమర్థించుకోబోతే, వేటాడినందుకు నిన్ను తప్పుపట్టడం లేదు, జత కూడిన వేళ అది ముగిసేదాకానైనా ఆగలేకపోయావు, అదీ నీ తప్పు అంటాడు ముని. బాణం వేసే హక్కు ఉన్నవాడికి కూడా వేయకూడని వేళ ఉంటుందని చావబోయే జింక చేత చెప్పించిన కథ అది.

అంతకంటే మీ తీగకు దగ్గరైన కథ దశరథుడిది. చూడకుండా చప్పుడును బట్టి బాణం వేయగలగడం ఆయనకు గర్వకారణం. వానాకాలపు రాత్రి సరయూ ఒడ్డున, చీకట్లో కుండ మునిగిన శబ్దం విని ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని బాణం వదిలాడు. తగిలింది గుడ్డి తల్లిదండ్రుల కోసం నీళ్ళు ముంచుకుంటున్న పిల్లవాడికి. ఈ కథ చెప్పేవాళ్ళందరూ శాపం దగ్గరికి తొందరపడతారు. నేను మాత్రం దానికి ముందున్నదాని దగ్గర ఆగుతాను. అరుపు వినగానే దశరథుడు పారిపోలేదు. వెళ్ళి చూశాడు, ఆ పిల్లవాడు చనిపోతుంటే పక్కన ఉన్నాడు, అదే కుండలో నీళ్ళు పట్టుకుని ఆ ముసలివాళ్ళ దగ్గరికి తానే నడిచి వెళ్ళి, మీ కొడుకును చంపింది నేనేనని తన నోటితో చెప్పాడు. చీకట్లో చూడకుండా చంపడం ఎంత ఘోరమైనా, చంపినవాడు అక్కడ ఉన్నాడు.

మీకు మనసొప్పనిది ఇక్కడే ఉందనుకుంటాను. తీగ పెట్టినవాడు అక్కడ ఉండడు. ఏ ప్రాణి వచ్చిందో చూడడు, అది పిల్లల తల్లా కాదా అన్నది అతనికి పట్టదు, అది ఎంతసేపు కొట్టుకుందో అతనికి వినబడదు. అతను ఇంట్లో నిద్రపోతుంటే చావు జరిగిపోతుంది, తెల్లవారి వెళ్ళేసరికి మాంసం ఉంటుంది. పంది బదులు పక్కింటి ఎద్దు పడి ఉంటే తీగ చుట్టేసుకుని పోవచ్చు. ఆపదలోనో అవసరానికో మనిషి ఒక జంతువును చంపడం అన్ని కాలాల్లోనూ ఉంది, దాన్ని పూర్తిగా తప్పు అనేవారున్నారు, నేను అంత దూరం పోలేను. నేను పట్టుబట్టేది ఒక్కటే, చంపేవాడు ఆ చోట ఉండి, దేన్ని చంపుతున్నాడో కళ్ళారా చూసి, చంపినదానికి తానే బాధ్యుడై నిలబడాలి. మీ తాతగారు బల్లెం పట్టుకుని పంది ఎదుట నిలబడి ఉంటే ఆయన ఈ షరతుకు లోబడ్డట్టే. మీ నాన్నగారి తీగ లోబడదు.

ఉచ్చులూ బాంబులూ కూడా ఇదే కోవలోవి. బండి క్లచ్ వైరుతో ఉచ్చు పన్ని చెట్టుకు కట్టిపోతే, అందులో కాలు పడిన జంతువు లాగిన కొద్దీ తీగ మాంసంలోకి దిగుతుంది, పెట్టినవాడు రెండు రోజులు రాకపోతే రెండు రోజులూ అది అలాగే ఉంటుంది. మంచిర్యాల జిల్లా చెన్నూరు అడవుల్లో నడుముకు ఉచ్చు బిగుసుకున్న ఆడపులి ఒకటి ఆ తీగతోనే తిరుగుతూ కెమెరాలకు చిక్కిన సంగతి మీ ప్రాంతంవాళ్ళు విని ఉంటారు. దాన్ని పులి కోసమే పన్ని ఉండనక్కరలేదు, దుప్పి కోసమో పంది కోసమో పన్నిన ఉచ్చు ఏ జంతువునైనా పడుతుంది. కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో 2020 మే నెలలో చూలు ఏనుగు నోట్లో పేలుడు పదార్థం పేలి, రోజుల తరబడి ఏమీ తినలేక, ఏటిలో నిలబడి చనిపోయింది. అటువైపు పొలాల్లో కాయలో మందు కూరి పెట్టేది ఎక్కువగా అడవిపందుల కోసమే. మన దగ్గర కొవ్వులో చుట్టి పెట్టే నాటుబాంబు కూడా కుక్క కొరికినా, మేస్తున్న ఆవు కొరికినా పేలుతుంది.

ఇంత చెప్పాక మీ నాన్నగారి పక్షాన కూడా కొంత చెప్పకపోతే ఈ సమాధానం పట్నంవాళ్ళ నీతిబోధగానే మిగులుతుంది. మక్కచేనులో పందుల మంద పడితే అది తినేదానికంటే తొక్కేది ఎక్కువ. కర్రను ఒంటితో నెట్టి పడగొట్టి, కంకిని సగం కొరికి వదిలేసి, ఇంకో కర్ర మీద పడుతుంది. పల్లికాయ చేనైతే ముట్టెతో సాలు సాలంతా దున్నినట్టు పెళ్ళగిస్తుంది. తెల్లవారి గట్టు మీద నిలబడి అది చూసిన మనిషికి ప్రకృతి సమతుల్యం గురించి చెప్పబోతే ఆయన ఓపిక పట్టకపోవడం సహజం. ఆడపంది ఒక ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లల్ని పెడుతుంది, పులి, చిరుత, రేచుకుక్క తగ్గినచోట వాటిని అదుపు చేసేదేదీ లేదు, పైగా అడవి అంచుదాకా మనం వేసిన పంటే వాటికి అడవిలో దొరకనంత మంచి తిండి. పందికి దీనిలో దోషం లేదు, మీ నాన్నగారికీ లేదు. కానీ నష్టం మాత్రం పూర్తిగా ఆయనదే అవుతోంది.

అడవి బాగుండాలని కోరుకునేవాళ్ళు ఒకరు, దానికి మూల్యం చెల్లించేవాళ్ళు ఇంకొకరు కావడం మన దేశంలో చాలా పాత సంగతి. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో మొదటిదానిలో, ఒకప్పుడు మా వంటశాలలో కూర కోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవారు, ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక జింక మాత్రమే, ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు, ఇకమీదట ఈ మూడింటినీ చంపబోము అని చెప్పించాడు. ఎంత మిగిలిందో దాచకుండా లెక్క చెప్పినందుకు ఆ రాజంటే నాకు గౌరవం. వేట యాత్రలు మాని ధర్మయాత్రలు పెట్టానని ఇంకో శాసనంలో చెప్పుకున్నాడు. అయితే ఆ వరుసలోనే పదమూడోదానిలో, అడవుల్లో ఉండేవాళ్ళకు మాత్రం, నాకు పశ్చాత్తాపం ఉన్నా బలం కూడా ఉందని గుర్తుంచుకోండి అన్న హెచ్చరిక వినిపిస్తుంది. జింకకు అభయం దొరికింది, అడవిలో బతికే మనిషికి బెదిరింపు దక్కింది.

ఈనాటి చట్టాల్లోనూ ఆ పోలిక కొంత కనబడుతుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆదివాసుల సంప్రదాయ హక్కులను గుర్తించింది గానీ వేటను మాత్రం పేరు పెట్టి మినహాయించింది. విల్లంబులతో నల్లమలలో బతికిన చెంచుల వేట నేరమైంది, అదే నల్లమలను చీల్చుకుంటూ పోయే రోడ్డు మీద వాహనాల కింద పడే జంతువుల చావు ప్రమాదమైంది. చెంచులకు వేట హక్కు తిరిగి ఇవ్వాలా అన్నది వేరే చర్చ, ఈరోజు మిగిలి ఉన్న అడవిలో అది సాధ్యమని నేను అనుకోను. కానీ ఈ భారం ఎవరి మీద పడుతోందో తెలిసినవాడు మీ నాన్నగారితో కాస్త మెత్తగా మాట్లాడతాడు.

ఇక చేయవలసిన పని. అడవిపందికి చూపు మందం, వాసన చురుకు, అది దారి వెతికేది ముట్టెతో. చాలామంది రైతుల ఉపాయాలన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంటలకు హాని చేసే పక్షులు, జంతువుల మీద పనిచేసే శాస్త్రవేత్తలు పల్లికాయ చుట్టూ ముళ్ళున్న కుసుమ నాలుగు వరుసలు వేయమని, మక్క చుట్టూ ఆముదం వేయమని చెబుతూ వచ్చారు. మంగలి దుకాణాల నుంచి తెచ్చిన వెంట్రుకలు గట్టు వెంట చల్లితే, నేలను మూచూస్తూ వచ్చే పందికి అవి ముక్కులో చేరి చికాకు పెడతాయి. పాత చీరలు కట్టడం, ఊరపందుల పేడ నీళ్ళు తాడుకు పట్టించి చుట్టూ లాగడం కూడా చేస్తున్నారు. వీటిలో ఏదీ పంట కోసేదాకా ఒక్కటే పనిచేయదు, కొన్నాళ్ళకు పంది అలవాటు పడుతుంది, మార్చి మార్చి వాడాలి. వీటన్నిటికంటే గట్టిది సోలార్ కంచె. మీ నాన్నగారు అదీ కరెంటే కదా అంటారు, కాదు. ఆ కంచెకు తగిలించే పరికరం వేల వోల్టులనే పంపుతుంది గానీ సెకనుకు ఒకసారి చొప్పున, సెకనులో వెయ్యో వంతు కూడా ఉండని చరుపుగా పంపుతుంది. తగిలిన ప్రాణి అదిరిపడి వెనక్కి పోతుంది, బిగుసుకుపోదు, చావదు. ఆ పరికరం లేకుండా అదే తీగకు నేరుగా లైను కలిపితే మళ్ళీ మొదటికే వస్తాం, కొందరు సోలార్ కంచె అని చెప్పి చేసేది అదే.

ఒక్క చేనుకు కంచె వేస్తే ఆ మంద పక్క చేనులో పడుతుంది, వచ్చే ఏడు ఆ పక్క రైతు తీగ పెడతాడు. అందుకని అడవి వైపున్న చేలన్నీ కలిపి ఒకే వరుసగా కంచె వేసుకోవడం మేలు. ఖర్చు పంచుకోవచ్చు, సబ్సిడీ ఏదైనా ఉంటే గుంపుగా అడిగితే పని జరుగుతుంది. పట్నంలో జీతం తీసుకునే కొడుకుగా మీరు పూనుకోవలసింది ఇక్కడ. వద్దు అన్న మాటతో పాటు కంచె ఖర్చులో మీ వంతు ఎంతో చెప్పండి. పాలకంకి పట్టిన దగ్గర నుంచి గింజ గట్టిపడేదాకా ఉండే ఆ రెండు మూడు వారాల్లో కొన్ని రాత్రులు సెలవు పెట్టి మంచె మీద మీరూ కావలి ఉండండి. నిద్ర కాచింది ఆయనొక్కడే అయినంతకాలం ఆ చేను మీద ఆయన నిర్ణయమే చెల్లుతుంది, అది న్యాయం కూడా.

నష్టం జరిగితే పరిహారం కోసం అటవీశాఖ రేంజి కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి, తొక్కిన చేను ఫొటోలు తెల్లవారగానే తీసి పెట్టుకోవాలి. అడవి జంతువుల వల్ల కలిగే పంట నష్టాన్ని 2026 వానాకాలం నుంచి ప్రధానమంత్రి ఫసల్ బీమాలో అదనపు రక్షణగా చేర్చాలని కేంద్రం 2025 నవంబరులో నిర్ణయించింది. అది మీ జిల్లాకు, మీ పంటకు వర్తిస్తుందా అన్నది మండల వ్యవసాయాధికారిని అడిగి తెలుసుకోండి. వర్తిస్తే నష్టం జరిగిన 72 గంటల్లోపు తెలియజేయాలన్న నియమం ఉంది, అక్కడే చాలామంది రైతులు వెనకపడతారు.

ఇవన్నీ చేసినా మంద ఆగకపోతే చంపడానికి దారి చట్టంలోనే ఉంది. మనుషుల ప్రాణాలకో పైరుకో ముప్పుగా మారిన రెండో షెడ్యూలు జంతువును చంపడానికి రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి, కారణం రాసి అనుమతి ఇవ్వవచ్చు. అప్పుడు వచ్చేవాడు తుపాకి పట్టుకున్న మనిషి. ఎన్ని చంపాలో కాగితం మీద ఉంటుంది, తాను దేన్ని కాల్చాడో అతనికి తెలుస్తుంది. ఇది నాకు ఇష్టమైన పని అని అనను, కానీ ముందు చెప్పిన షరతుకు ఇది నిలుస్తుంది. అసలు ఆ జంతువునే కీడు చేసే ప్రాణిగా ప్రకటించి అందరికీ తలుపు తెరిచేయాలన్న డిమాండు కూడా తరచూ వినబడుతుంది. బిహార్‌లో మనుబోతులను అలా ప్రకటించాక, 2016లో మొకామా ప్రాంతంలో కొద్ది రోజుల్లోనే రెండు వందలకు పైగా కాల్చిచంపారు, కాల్చినవాళ్ళు మన హైదరాబాదు నుంచి వెళ్ళినవాళ్ళే. దాని మీద ఇద్దరు కేంద్రమంత్రులు బహిరంగంగా మాటా మాటా అనుకున్నారు. అక్కడి రైతుల నష్టం నిజమే, కానీ ఒక్క వారంలో అంత చంపేసి వెళ్ళిపోయినవాడు ఆ తర్వాతి పంటకాలంలో మంద మళ్ళీ పెరిగిందా లేదా చూడటానికి అక్కడ ఉండడు.

మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు పాపం అన్న మాట ఎత్తకండి, కోడి మాట ఆయన ఎత్తితే ఒప్పుకోండి. మీ తాతగారి వేట కథలు అడిగి చెప్పించుకోండి, చెబుతూ చెబుతూ ఆయనే తీగకూ బల్లేనికీ తేడా ఎక్కడో చెబుతారని నాకు నమ్మకం. చెప్పకపోయినా నష్టం లేదు, మీ ఇద్దరి మధ్య మాట తెగకుండా ఉంటుంది.

చివరిగా ఆ వాటా సంగతి. అనుమతితో చంపిన అడవిపంది కూడా చట్టప్రకారం ప్రభుత్వ ఆస్తి, దాని మాంసం పంచుకోవడానికి లేదు. ఇది మొదట వింటే అర్థం లేని నియమంలా కనబడుతుంది, చచ్చినదాన్ని పాతిపెట్టే బదులు తింటే ఏం అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ మాంసం చేతులు మారడం మొదలైతే ఎన్ని పందులను చంపాలన్నది చేను నష్టాన్ని బట్టి కాక, కొనేవాళ్ళను బట్టి తేలుతుంది. పందులు రాని నెలల్లో కూడా తీగ పడుతుంది. మీ నాన్నగారి మక్క ఎంత పోయిందో పక్క ఊరివాళ్ళకు పట్టింపు ఉండవలసిన కారణమేమీ లేదు. అయినా తీగ, కర్రలు, రాత్రి పని అన్నీ తామే పెట్టుకుంటామన్నారు. అడవిపంది మాంసం దొంగచాటుగా కిలో ఎంతకు పోతోందో ఒకసారి వాళ్ళనే అడగమని మీ నాన్నగారితో చెప్పండి.